పేర్లు పలకని లాప్‌టాప్

మా ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటుంది. విండోస్‌తో నత్తనడక నడుస్తుంటే మా పెద్దాడు అది తీసేసి ఉబుంటు ఎక్కించాడు. పైసా ఖర్చు లేదు, మిషనుకి ప్రాణం లేచొచ్చింది. వాడు హాస్టల్‌కి వెళ్ళాక దాని మంచిచెడ్డలు నా నెత్తిన పడ్డాయి.

మొన్న చిన్నదాని కౌన్సెలింగ్. వెబ్ ఆప్షన్లకి అదే ఆఖరి రోజు. తీరా తెరిస్తే వైఫై గుర్తు మీద ప్రశ్నార్థకం! ఒక్క పేజీ రాదు. ఫోన్లలో కాలేజీ కోడ్‌లన్నీ వరస పెట్టడం నా కళ్ళ వల్ల కాదు. పెద్దాడికి ల్యాబ్ పరీక్ష, ఫోనెత్తడు. మావారేమో "షాపులో ఇచ్చేద్దాం" అంటారు. షాపువాడు రేపు రమ్మంటే? పిల్ల ముఖంలో ఏడుపొక్కటే తక్కువ.

ఫోన్లలో అదే వైఫై చక్కగా వస్తోంది కాబట్టి రౌటర్ తప్పు లేదు. కంట్రోల్, ఆల్ట్, టీ నొక్కితే టెర్మినల్ వచ్చింది. వాడికి కాఫీ ఇస్తూ వెనక నిలబడి ఎన్నిసార్లు చూశానో! ముందు రౌటర్‌ని, 192.168.1.1ని, పింగ్ చేశాను. పలికింది. తర్వాత గూగుల్ వాళ్ళ 8.8.8.8. అదీ పలికింది. అంటే బయటి ప్రపంచానికి దారి ఉంది. (ఉబుంటులో పింగ్ దానంతటది ఆగదండోయ్, కంట్రోల్ సీ కొట్టేదాకా వాగుతూనే ఉంటుంది.) అంకె బదులు గూగుల్ పేరు ఇచ్చాను. పేరు తెలియడం లేదంది.

అక్కడ దొరికింది దొంగ. మనం సైట్లని పేర్లతో పిలుస్తాం, మిషన్లకి అంకెలే కావాలి. ఇంటిపేరు చెప్పగానే డోర్ నంబరు చెప్పే పోస్టుమాన్‌లాగా పేరుకి అంకె చెప్పేది డీఎన్‌ఎస్. మా లాప్‌టాప్‌కి ఆ పోస్టుమాన్ దొరకడం లేదన్నమాట.

సెట్టింగ్స్‌లో వైఫై పక్కనున్న చక్రం నొక్కి, ఐపీవీ4లోకి వెళ్ళాను. డీఎన్‌ఎస్ దగ్గర ఆటోమేటిక్ ఆపేసి ఉంది. కింద చేత్తో రాసిన అంకె, 192.168.1.10.

ఆ అంకె చూడగానే వెలిగింది. ప్రకటనలు రాకుండా వాడు టీవీ వెనకాల ఒక బుల్లి డబ్బా పెట్టాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, పచ్చ లైటు మినుకుమినుకుమంటూ ఉండేది. వెళ్తూ వెళ్తూ దాన్నీ సూట్‌కేసులో సర్దుకున్నాడు. ఈ లాప్‌టాప్ మాత్రం ప్రతి పేరుకీ ఇంకా వాడి డబ్బానే అడుగుతోంది, ఇంట్లోనే ఉందనుకుని. ఎందుకో గొంతు పట్టేసింది. రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాను.

ఆ అంకె చెరిపి, ఆటోమేటిక్ పెట్టి, వైఫై ఆపి మళ్ళీ వేశాను. కౌన్సెలింగ్ పేజీ వచ్చేసింది. చిన్నది రాత్రి పదింటికల్లా ఆప్షన్లు ఫ్రీజ్ చేసింది.

పడుకోబోతుంటే వాడి మెసేజ్: "సారీ అమ్మా, డబ్బా నా దగ్గరే ఉంది. దసరాకి తెస్తా."

"డబ్బా సంగతి తర్వాత. టికెట్ తీసుకున్నావా?" అని పెట్టాను.