రెండు రబీలు

పిల్లలూ! మీ పుట్టినరోజు ఎప్పుడని అడిగితే మీరు తడుముకోకుండా చెబుతారు. కాని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలను బడిలో చేర్చటానికి వచ్చే తల్లిదండ్రులలో చాలామందికి తారీఖు తెలిసేది కాదు. "పెద్దవాన వచ్చిన ఏడు పుట్టినాడు సార్" అనేవాడు ఒకడు. "ఉగాది పోయిన పదోనాడు" అనేది మరొక తల్లి. ఆ మాటలు విని, పాత పంచాంగం ముందు పెట్టుకుని, ఇంగ్లీషు తారీఖు లెక్కకట్టి, రిజిస్టరులో వ్రాయటం మా పని. ఒకసారి వ్రాశామంటే అది పిల్లవాడి నుదుటివ్రాత వంటిదే. వాడు బడి విడిచి వెళ్ళాక దాన్ని మార్చటం మహా కష్టం.

అట్లా వ్రాయటంలో నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పేమిటో, చాలా ఏళ్ళ తరువాత అదే తప్పు మా మనవరాలి కంప్యూటరులో ఎట్లా బయటపడిందో మీకు చెబుతాను.

అది 1990 జూన్ నెల. నేను రాయలసీమలో ఒక చిన్న ఊళ్ళో పంతులుగా ఉన్నాను. ఒక దర్జీ తన కొడుకును ఒకటో తరగతిలో చేర్చటానికి తీసుకువచ్చాడు. పుట్టిన తారీఖు అడిగితే సంచీలోనుంచి ఒక పాత నోటుపుస్తకం తీశాడు. అందులో పిల్లవాడి తాత ఉర్దూలో వ్రాసిపెట్టిన పంక్తి ఒకటి ఉన్నది. దర్జీ దాన్ని చదివాడు: "పద్దెనిమిది, రబీ ఉస్సానీ, హిజ్రీ పధ్నాలుగు వందల అయిదు."

నాకు ఉర్దూ చదవటం రాదు. విన్నదాన్ని ఒక చీటీమీద గబగబా వ్రాసుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలలో పొట్టిగా వ్రాయటం నాకు అలవాటు. ముందు 18, తరువాత ఆర్, ఏ, బి అని మూడు అక్షరాలు, ఆ పక్కన 1405. బయట ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. అందుచేత మరొక మాట అడగకుండా దర్జీని పంపేశాను.

సాయంత్రం బడి పెట్టెలోనుంచి రక్తాక్షి సంవత్సరపు పంచాంగం తీశాను. ముసల్మానుల నెలలు ఎప్పుడు మొదలవుతాయో పంచాంగంలో వ్రాసి ఉంటుంది. చీటీ చూసుకుంటూ పేజీలు తిప్పాను. రబీ అనే పేరు కనిపించింది. పద్దెనిమిది రోజులు లెక్కపెట్టాను. 1984 డిసెంబరు రెండోవారం వచ్చింది. ఆ తారీఖే రిజిస్టరు కెక్కించాను.

నా తప్పు మీకు తెలిసిందా? ముసల్మానుల నెలల పేర్లు చదివితే తెలుస్తుంది. ముహర్రం, సఫర్, రబీ ఉల్ అవ్వల్, రబీ ఉస్సానీ, జుమాదిల్ అవ్వల్, జుమాదిస్సానీ, రజబ్, షాబాన్, రంజాన్, షవ్వాల్, జిల్ ఖాదా, జిల్ హజ్. మొత్తం పన్నెండు. పల్లెటూరి పిల్లలకు మొదటి నెల బాగా తెలుసు. పీర్ల పండుగ వచ్చేది ముహర్రంలోనే.

ఇందులో రబీలు రెండున్నాయి! అవ్వల్ అంటే మొదటిది, సానీ అంటే రెండవది. రెండవ రబీని అరబ్బులు రబీ ఉల్ ఆఖిర్ అని కూడా అంటారు. ఆ ఆఖిరే మనం "ఆఖరు బస్సు" అన్నప్పుడు పలికే ఆఖరు. రబీ అనే మాట కూడా మీకు కొత్త కాదు. మీ నాన్న రబీ పంట అంటాడే, అది ఈ మాటే. అరబ్బీలో రబీ అంటే వసంతకాలం.

దర్జీ చెప్పినది రెండవ రబీ. నేను ఎక్కించినది మొదటి రబీ. నిజానికి ఆ పిల్లవాడు పుట్టినది 1985 జనవరి రెండోవారంలో. నా కలం పోటుతో వాడు కాగితం మీద ఒక నెల పెద్దవాడైపోయాడు. సంవత్సరం కూడా మారిపోయింది.

నెల రోజులేగా అనుకోకండి. ఆ కుర్రవాడు పెద్దవాడై, చక్కగా చదువుకుని, 2005లో ఒక కొలువుకు అర్జీ పెట్టబోయాడు. 1985 జనవరి ఒకటిన గాని, ఆ తరువాత గాని పుట్టినవారే అర్జీ పెట్టాలని అందులో నిబంధన ఉన్నది. వాడి సర్టిఫికెట్టులో డిసెంబరు అని ఉన్నది! ఇంట్లో వాళ్ళమ్మ గోల పెట్టింది. "నా కొడుకు గ్యార్వీ నెలలో పుట్టినాడు. బారావఫాత్ నెలలో కాదు" అన్నది. ఆ ఊళ్ళో ముసల్మాను ఇళ్ళలో ఆడవాళ్ళు మొదటి రబీని బారావఫాత్ నెల అనీ, రెండవ దాన్ని గ్యార్వీ నెల అనీ పిలుస్తారు. 1990లో నేను ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

దర్జీ నోటుపుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. ఇద్దరం కలిసి చాలా గడపలు ఎక్కి దిగాము. తప్పు నాదేనని కాగితం మీద వ్రాసి ఇచ్చాను. కాని గడువు దాటిపోయింది, ఆ కొలువు దక్కలేదు. కుర్రవాడు తండ్రి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. నవ్వుతూ మాత్రం, "కాగితం మీద నేను నెల రోజులు పెద్దోణ్ణి సార్" అనేవాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకునేది.

ఇక రెండో సంగతి. కిందటి ఏడు మా మనవరాలు తాను చదివిన బడికి ఒక గోడ గడియారం వంటిది తయారు చేసింది. అందులో ఉన్నది చాలా చిన్న తెర. రెండు వరసలు, వరసకు పదహారు గడులు. గడికి ఒక అక్షరమే పడుతుంది. అది కూడా రోమను లిపి, అంటే మనం ఇంగ్లీషు వ్రాసే అక్షరాలు మాత్రమే. పై వరసలో ఇంగ్లీషు తారీఖు, కింది వరసలో హిజ్రీ తారీఖు కనిపించాలని ఆ పిల్ల కోరిక.

హిజ్రీ లెక్క మీకు తెలుసా? మహమ్మదు ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వెళ్ళిన 622వ సంవత్సరం నుంచి అది లెక్క. నెల వంక కనిపించటంతో నెల మొదలవుతుంది. నెలకు 29 రోజులో 30 రోజులో ఉంటాయి. ఏడాదికి 354 లేక 355 రోజులు. మన చాంద్రమాన పంచాంగంలోనూ నెలలు చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి. అయితే మనం మధ్య మధ్య అధికమాసం కలుపుకుని రుతువులను అందుకుంటాము. వాళ్ళు కలపరు. అందువల్ల వాళ్ళ నెలలు ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు వస్తూ, 33 ఏళ్ళలో రుతువులన్నీ చుట్టి వస్తాయి. వసంతం పేరు పెట్టుకున్న రబీ ఒకప్పుడు ఎండల్లోనూ, మరొకప్పుడు వానల్లోనూ వచ్చేది ఇందుకే.

ఈ లెక్కలు కంప్యూటరుకు చిటికెలో పని. దానికి తారీఖంటే ఒక పెద్ద అంకె. ఫలానా రోజు నుంచి ఇన్ని రోజులు గడిచాయని లోపల లెక్క ఉంచుకుంటుంది. పేరు పెట్టి చూపించటంలోనే చిక్కు వచ్చింది. మా పిల్ల తన ప్రోగ్రాముతో "అరబ్బీ భాషలో చూపించు" అన్నది. నెలల పేర్లు అరబ్బీ లిపిలో వచ్చాయి. చిన్న తెరకు ఆ అక్షరాలు రావు కనుక, గడుల నిండా పిచ్చిగీతలు పడ్డాయి. సరే, "ఇంగ్లీషులో చూపించు" అన్నది. అప్పుడు రోమను అక్షరాలు వచ్చాయి. కాని హిజ్రీ నెలలు పోయి జనవరి, ఫిబ్రవరి వచ్చాయి!

"ఇదేమిటి తాతా, భాష మార్చితే క్యాలెండరే మారిపోతున్నది?" అన్నది.

నాకు కంప్యూటరు విద్య తెలియదు గాని, పాఠం చెప్పటం తెలుసు. "నువ్వు దాన్ని ఒక ప్రశ్నే అడుగుతున్నావు. అడగవలసినవి మూడు" అన్నాను. "ఏ క్యాలెండరు? ఏ భాష? ఏ లిపి? అరబ్బీ మాటను రోమను లిపిలో వ్రాయవచ్చు. అంతమాత్రాన అది ఇంగ్లీషు మాట కాదు. నీ పేరు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తే నువ్వు ఇంగ్లీషు పిల్లవు అవుతావా?"

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఇక కంప్యూటరు ఇచ్చే పేర్లతో పని లేకుండా, పన్నెండు పేర్లూ తానే రోమను లిపిలో పట్టికగా వ్రాయటానికి కూర్చున్నది.

ముందు రంజాను దగ్గర ఆగిపోయింది. అరబ్బులు రమదాన్ అంటారు. మన ఊళ్ళలో రంజాన్ అంటారు. లిపిలో అక్షరం ఒకటే. అరబ్బుల నోట అది దకారానికి దగ్గరగా పలుకుతుంది, ఉర్దూలో జకారానికి దగ్గరగా పలుకుతుంది. రోమను లిపి నోటి పలుకును వ్రాస్తుంది కనుక రెండు రకాలుగా వ్రాయవలసి వస్తుంది. రెండూ సరైనవే. గడియారం చదివేది మన బడిపిల్లలు కనుక, వాళ్ళు పలికే పలుకే వ్రాయమన్నాను.

తరువాత గడుల బాధ వచ్చింది. తారీఖుకు రెండు గడులు, సంవత్సరానికి నాలుగు, మధ్య ఖాళీలు రెండు. ఇవి పోగా నెల పేరుకు మిగిలేది ఎనిమిది గడులే. "ఏముంది తాతా, ఇంగ్లీషు నెలలకు చేసినట్టే మొదటి మూడక్షరాలు ఉంచుతాను" అని, ఒక చిన్న ఆజ్ఞతో అన్ని పేర్లనూ కత్తిరించేసింది.

తెరవైపు చూసిన నాకు గుండె ఝల్లుమన్నది. ఆర్, ఏ, బి! 1990లో నా చీటీమీద ఉన్న మూడక్షరాలే!

"పన్నెండు పేర్లూ కాగితం మీద వ్రాసి, ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టు" అన్నాను. మీరు కూడా పెన్సిలు తీసుకుని లెక్కపెట్టి చూడండి. రబీలు రెండూ ఒకటైపోతాయి. జుమాదీలు రెండూ ఒకటవుతాయి. షాబాన్, షవ్వాల్ రెండింటికీ ఎస్, హెచ్, ఏ. జిల్ ఖాదా, జిల్ హజ్ రెండింటికీ జెడ్, ఐ, ఎల్. పన్నెండు నెలలకు ఎనిమిది పేర్లే మిగిలాయి! ఇంగ్లీషు నెలలకు ఈ బాధ లేదు. వాటిని మూడక్షరాలకు కత్తిరించినా పన్నెండూ వేరువేరుగానే ఉంటాయి. జూన్, జులై కూడా మూడో అక్షరంలో తేడా చూపిస్తాయి. ఒకరి కొలతకు కుట్టిన చొక్కా అందరికీ పడుతుందనుకోవటమే మా తప్పు.

అప్పుడు ఆ పిల్లకు దర్జీ కొడుకు సంగతంతా చెప్పాను. అది నవ్వకుండా విన్నది. వెంటనే మళ్ళీ వెతికింది. యూనికోడ్ అనే సంస్థ ఒకటి 1991లో ఏర్పడింది. లోకంలోని లిపుల అక్షరాలకు కంప్యూటరులో అంకెలు కేటాయించేది అదే. నెలల పేర్లు ఏ భాషలో ఎట్లా చూపించాలో కూడా అది పట్టికలు ఉంచుతుంది. అందులోని ఇంగ్లీషు పట్టికలో రబీ పక్కన రోమను అంకెలు వేశారు: రబీ ఒకటి, రబీ రెండు. జుమాదాకూ అంతే. మా పిల్లకు దారి దొరికింది. కాని జుమాదా పక్కన రెండు అని రోమను అంకెలో వేస్తే తొమ్మిది గడులవుతున్నది. మామూలు 2 వేసింది. సరిగ్గా ఎనిమిది! వరసలో పదహారు గడులూ నిండి, ఒక్కటీ మిగలలేదు, ఒక్కటీ చాలకపోలేదు.

ఇంకొక ఏర్పాటు కూడా చేసింది. కంప్యూటరు లెక్కకు, మన ఊళ్ళో నెలవంక కనిపించటానికి ఒకటి రెండు రోజులు తేడా రావచ్చు. అటువంటప్పుడు తారీఖును ముందుకో వెనక్కో జరపటానికి ఒక మీట పెట్టింది.

ప్రోగ్రాము సరిగా ఉన్నదో లేదో చూడటానికి ఒక పాత తారీఖు ఇమ్మని నన్ను అడిగింది. ఏ తారీఖు ఇచ్చి ఉంటానో మీరు ఊహించగలరు. 18, రబీ 2, 1405. తెరమీద 1985 జనవరి అని పడింది. రబీ 1 వేసి చూశాము. 1984 డిసెంబరు అని పడింది. ఒక్క అంకెకు ఎంత తేడా వచ్చిందో చూశారా!

2025 అక్టోబరు రెండోవారంలో ఆ దర్జీ కొడుకు బడికి వచ్చాడు. ఇప్పుడు అతనికి సొంత కొట్టు ఉన్నది. ఆ బడి పిల్లలకు బట్టలు కుట్టేది అతనే. నేను కూడా ఆ రోజు అక్కడే ఉన్నాను. అతను కొలతల టేపు మెడలో వేసుకుని గడియారం ముందు నిలబడి కింది వరస చదివాడు: 18, రబీ 2, 1447.

"సార్, ఈ దినం నా పుట్టినరోజు!" అన్నాడు.

నిజమే. జనవరిలో పుట్టిన మనిషికి ఆ ఏడు హిజ్రీ పుట్టినరోజు అక్టోబరులో వచ్చింది. ఇంగ్లీషు లెక్కలో అతనికి ఇంకా 41 నిండలేదు. హిజ్రీ లెక్కలో 42 నిండాయి. పక్కనున్న పిల్లలు ఇదేమి చోద్యమని అతని చుట్టూ మూగారు. వాళ్ళకు ఆ లెక్క విప్పి చెబుతూ ఉంటే అతని ముఖంలో ఎంతో సంతోషం కనిపించింది.

తరువాత నా దగ్గరకు వచ్చి, మెల్లిగా, "ఆ రెండు అంకె వేసింది ఎవరు సార్?" అని అడిగాడు. మనవరాలిని చూపించాను. అతను టేపు తీసి, "రామ్మా, నీకు గౌను కుడతాను, కొలత ఇవ్వు" అన్నాడు.

పిల్లలూ! మీ నోటుపుస్తకాలలో ఎవరి పేరయినా, ఏ నెల పేరయినా పొట్టిగా వ్రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. అదే పొట్టి పేరుతో ఇంకొకటి ఉన్నదేమో చూసుకోండి. ఉంటే, పక్కన ఒక అంకె వెయ్యండి. అందుకు పట్టేది ఒక్క గడి మాత్రమే.