చేతిపనికి వెల ఎంత?

నల్లమలకు, వెలుగొండలకు నడుమ పరచుకున్న పశ్చిమ ప్రకాశం ప్రాంతం వాననే నమ్ముకొన్న మెట్టసీమ. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఏడాది పొడుగునా చేను, చెలక తప్ప మరొకటి ఎరుగని ఇక్కడి పల్లెప్రజలకు తిరునాళ్ళే పెద్ద వేడుక. మార్కాపురం లక్ష్మీచెన్నకేశవస్వామి బ్రహ్మోత్సవాల వేళ, ముఖ్యంగా రథం కదిలేనాడు, చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా పట్టణానికి తరలివస్తుంది. స్వామి దర్శనం ముగిసిన తరువాత అందరి అడుగులూ అంగళ్ళ వైపే సాగుతాయి. తిరునాళ్ళకు వెళ్ళినవారు వట్టి చేతులతో ఇల్లు చేరరు. ఇంట మిగిలిపోయిన ముసలమ్మకు బొరుగులు, బత్తాసులు, కోడలికి గాజులు, పసిబిడ్డకు ఒక బొమ్మ తీసుకొని పోవడం మన పల్లెల మర్యాద.

అంగడి వీధుల విహారం తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధి కెక్కిన క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో తిరుగుతూ అక్కడి వింతలన్నీ చూస్తారు. ఆ మిత్రులే నేటి తిరునాళ్ళకు వస్తే వారి కంటికి మొదట తోచే వింత ఒకటుంది. ఒకే వరుసలో యంత్రం చేసిన ప్లాస్టిక్ బొమ్మ, మనిషి చేసిన కొయ్యబొమ్మ పక్కపక్కనే కూర్చొని ఉంటాయి. అచ్చువేసిన వెల గల పెట్టెను కొనేవాడు మారుమాట లేకుండా డబ్బు చెల్లిస్తాడు. చేతితో చేసిన వస్తువు దగ్గరకు రాగానే అతనికి బేరం గుర్తుకు వస్తుంది.

ఒక వెదురుబుట్టనే తీసుకొందాం. మేదరి వెదురును తెచ్చి, నరికి, చీల్చి, బద్దలను నునుపు చేసి, అడుగు అల్లి, అంచు కట్టేసరికి ఎంతో పొద్దు గడిచిపోతుంది. బుట్ట వెల 100 రూపాయలనీ, అందులో వెదురు ఖర్చు 40 రూపాయలనీ అనుకొందాం. మిగిలిన 60 రూపాయలు చేతికూలి. కొనేవారు 20 రూపాయలు తగ్గించమంటే బుట్ట వెలలో తగ్గేది అయిదవ వంతే. కాని వెదురు అమ్మినవాడు తన 40 రూపాయలలో ఒక్క పైసా వదులుకోడు. కనుక ఆ తరుగంతా చేతికూలి మీదనే పడుతుంది. 60లో 20 పోతే మిగిలేది 40. అంటే కూలిలో మూడవ వంతు కరగిపోయిందన్నమాట. కొన్నవారికి అది చిల్లర ఆదా. అల్లినవారికి అది ఒక పూట పని.

అయితే బేరమాడే ఇల్లాలిని కఠినురాలని తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఆమె కూడా సాధారణంగా కూలి మనిషే. మిరపచేలో కాయలు కోసినందుకు ఆమెకు రావలసిన కూలిని మరొకరు బేరమాడి తగ్గించి ఉంటారు. తన చేతికి దక్కని న్యాయాన్ని మరొక చేతికి అందించడం ఎంత కష్టమో ఆమె నడుమున కట్టిన చిన్న సంచికే తెలుసు. ఆమెకంటె సులువుగా చెల్లించగలవారు, బట్టల దుకాణంలో ముద్రించిన వెలకు తల ఊపేవారు, బుట్ట ముందర గంటసేపు వాదించడమే ఆలోచించదగిన విషయం.

చేతిపనికి పేరుప్రతిష్ఠలు లేకపోలేదు. స్వాతంత్ర్యానంతరం 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడింది. దాని సారథ్యం వహించిన కమలాదేవి ఛటోపాధ్యాయ దేశమంతటా చేతివృత్తులకు గౌరవం కలిగించారు. 1999లో వచ్చి 2003లో అమలైన భౌగోళిక గుర్తింపు చట్టం ఒక ఊరి పనితనాన్ని మరొకరు ఆ పేరుతో అమ్ముకోకుండా కాపాడుతున్నది. పశ్చిమ ప్రకాశానికి పొరుగున, వెలుగొండల అంచున ఉన్న ఉదయగిరి కొయ్యగరిటెలు, చెంచాలకు ఆ గుర్తింపు లభించింది. పల్నాటి దుర్గి రాతిశిల్పాలకూ లభించింది. కొండపల్లి బొమ్మ కూడా అటువంటిదే. తేలికైన తెల్లపొణికి కర్రతో అవయవాలను వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, ఆరిన తరువాత రంగులు అద్దుతారు. చట్టం ఈ కళల పేరును కాపాడగలదు. అంగడిలో చేతికూలిని కాపాడవలసినది మాత్రం కొనేవారే.

మార్కాపురానికి తనదైన కానుక ఒకటుంది. అది పలక. వందకోట్ల ఏండ్లకు పూర్వం నీటి అడుగున పేరుకొన్న బురద, భూగర్భంలోని ఒత్తిడికి, వేడికి గట్టిపడి ఇక్కడి నల్లరాయి అయింది. పొరలు పొరలుగా విడిపోవడం దాని గుణం. గనిలో తీసిన రాతిని ఉలితో అంచు వెంబడి తట్టి పలుచని రేకులుగా విడదీసేవారు. కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్కచట్రం బిగించేవారు. ఆ పలకల మీద ఎన్ని తరాల పిల్లలు ఓనమాలు దిద్దారో లెక్కకు అందదు. ఆ పనిలో లేచిన రాతిపొడి ఊపిరితిత్తులను పాడుచేస్తుందని వైద్యులు చెబుతారు. అక్షరం వెలలో ఆ శ్వాస వెల ఎప్పుడూ కలవలేదు. కాలక్రమంలో నోటుపుస్తకం వచ్చింది, ప్లాస్టిక్ పలక వచ్చింది. రాతిపలకకు గిరాకీ తగ్గింది. అదే రాయి ఇప్పుడు గోడలకు, నేలకు పరిచే బిళ్ళలుగా మారి దేశవిదేశాలకు ఎగుమతి అవుతున్నది.

చేతితో చేసిన కానుకను జాలితో కొనవలసిన పని లేదు. జాలి ఒకసారి కొనిపిస్తుంది. వస్తువు ఎలా తయారయిందో తెలిసినవాడు మళ్ళీ మళ్ళీ కొంటాడు. బుట్ట అంచు బిగువును వేలితో పరీక్షించి, ఎన్నాళ్ళు మన్నుతుందని అడిగి, పని బాగుంటే చెప్పిన వెల చెల్లించడం పనివానికి నిజమైన గౌరవం. పని నాసిగా ఉంటే ఆ మాట మొగమాటం లేకుండా చెప్పడం కూడా ఆ గౌరవంలో భాగమే.

అక్షరాభ్యాసం నాడు బిడ్డ ఒడిలో పలకను ఉంచే పెద్దలు, దొరికినచోట రాతిపలకనే తెచ్చి, అది ఏ కొండలో పుట్టిందో, ఎవరి ఉలి కింద విచ్చుకొన్నదో రెండు మాటలలో చెప్పవచ్చు. అప్పుడు ఆ బిడ్డ అక్షరంతోపాటు, ఆ అక్షరానికి చోటిచ్చిన చేతిని గురించి కూడా నేర్చుకొంటుంది.