పన్ను పెరిగాక ఊపిరి పరీక్ష

ఈ-సిగరెట్ మీద పన్ను వేస్తే దాని వాడకం తగ్గుతుంది. వేప్ వదిలిన చెయ్యి తర్వాత దేన్ని అందుకుంటుందన్నది వైద్యుడు చూడవలసిన సంగతి.

పొగ మానిపించే క్లినిక్‌లో రోగి చేత ఒక చిన్న యంత్రంలోకి ఊపిరి ఊదిస్తారు. అది కార్బన్ మోనాక్సైడ్‌ను కొలుస్తుంది. పొగాకు కాలినప్పుడు ఆ వాయువు పుడుతుంది, వేప్‌లో పొగాకు కాలదు కాబట్టి వేప్ మాత్రమే పీల్చేవారిలో అంకె పెద్దగా పెరగదు. ముప్పై ఏళ్లుగా రోజుకో ప్యాకెట్ కాల్చిన ఒక రోగికి మొదట 24 వచ్చింది. వేప్‌కు మారాక అది 4కు దిగింది, తెల్లవారుజాము దగ్గు కూడా తగ్గింది. పన్నుతో రీఫిళ్ల ధర పెరిగిన కొన్ని నెలలకు మళ్లీ 17. "రోజుకు రెండే" అన్నాడు. అబద్ధమాడాలని కాదు, అతని లెక్కలోకి వచ్చినవి ఆ రెండే.

ఇది ఒక్కడి కథ కాదు. అమెరికాలో ఈ-సిగరెట్‌పై మొదట పన్ను వేసిన రాష్ట్రం మిన్నెసోటా. 2013లో ఆ పన్ను టోకు ధరలో 95 శాతానికి చేరింది. పన్ను లేకపోతే అక్కడ మరో 32,400 మంది పెద్దలు సిగరెట్ మానేసి ఉండేవారని తర్వాత ఆర్థికవేత్తలు అంచనా వేశారు.

ఎన్నడూ సిగరెట్ ముట్టని పందొమ్మిదేళ్ల విద్యార్థి సంగతి వేరు. వేప్ పాడ్ కొనడం బరువై మానేశాడు, మొదటి మూడు రోజుల చిరాకు తప్ప మరే ఇబ్బందీ పడలేదు. ఇలాంటివారికి పన్ను నిజంగా మేలు చేస్తుంది. దాన్ని పూర్తిగా ఎత్తేయాలనే వాదన అందుకే నిలవదు.

అయితే సిగరెట్ ధరకూ వేప్ ధరకూ మధ్య ఎడం చెరగకూడదు. బ్రిటన్ 2024 బడ్జెట్‌లో ఈ జాగ్రత్త కనిపిస్తుంది: 2026 అక్టోబరు నుంచి 10 మిల్లీలీటర్ల వేప్ ద్రవానికి 2.20 పౌండ్ల సుంకం, దానితోపాటే వంద సిగరెట్లకూ అంతే అదనం. భారతదేశం 2019లో ఈ-సిగరెట్లను నిషేధించింది గనుక అక్కడ ఈ ప్రశ్న బీడీ దగ్గర ఎదురవుతుంది. సిగరెట్ ఖరీదైనప్పుడు చౌకగా దొరికేది అదే.

17కు ఎక్కిన రోగికి నికోటిన్ పట్టీ, నమిలే గమ్ రెండూ కలిపి ఇచ్చారు. ఎనిమిది వారాలకు అంకె మళ్లీ 4.