ఎవరి నంబరు వ్రాయవలెను?

మా అమ్మాయి, ఇంకను పదునెనిమిదేండ్లు నిండని పిల్ల, ఇంజనీరింగులోఁ జేరుటకు ముందు తన పేర నొక బ్యాంకు ఖాతా తెఱువవలెనని ఈ ఉదయము పట్టుపట్టి, "నాన్నా, ఏటీఎం కార్డు మాత్రం నా దగ్గరే ఉండాలి" అని ముందుగనే షరతు విధించినది.

పదియేండ్లు దాటిన మైనరు తన పొదుపు ఖాతాను తానే నడుపుకొనవచ్చునని రిజర్వు బ్యాంకు ఏనాఁడో అనుమతించినది. ఎంత సొమ్ము వఱకన్నది ఆయా బ్యాంకుల యిష్టము, పదునెనిమిది నిండఁగనే క్రొత్త సంతకము మఱల నీయవలెను.

వడ్డీ సంగతి నేను చూడనే లేదు. విద్యార్థి ఖాతాలో నిలుచు నాలుగు డబ్బులకు వడ్డీ యెంత? కనీస నిల్వ లేదని జరిమానా కోయకుండినఁ జాలును. స్టేట్ బ్యాంకు 2020లోనే దానిని మానినది. ఇతర బ్యాంకులందైనను బేసిక్ సేవింగ్స్ ఖాతా యనునది సున్న నిల్వతో నడచును. అడుగకయే ఆ మాట చెప్పు కౌంటరు నాకింకను కానరాలేదు!

అన్నియుఁ బూర్తి చేసి, దరఖాస్తులో మొబైలు నంబరు గడి యొద్ద నా కలము నిలిచిపోయినది.

నా నంబరు వ్రాసినచో, క్యాంటీనులో అమ్మాయి త్రాగిన ప్రతి టీకిని నా జేబులో సందేశము మ్రోగును. మా నాయన నాకు మనియార్డరు పంపుచు, కూపను మీఁద రెండు పంక్తులు వ్రాసెడివారు. ఆ రూపాయలు సినిమాలకెన్ని, పుస్తకములకెన్ని పోయెనో ఆయన కెన్నఁడును తెలియలేదు, ఆయన యడుగనును లేదు.

ఆన్‌లైను మోసముల కాలము గదా యని భయమొకవైపు, మా నాయన యడుగకుండుట మఱొకవైపు.

కాగితము ఇంకను బల్లమీఁదనే యున్నది. మీరైనచో ఎవరి నంబరు వ్రాయుదురు?