సిండ్రెల్లా నైట్ షిఫ్టుకు పోయింది

సిండ్రెల్లా కథలో అందరికీ గుర్తుండేది ఒక్క షరతు. రాత్రి పన్నెండు కొట్టేలోపు ఇంటికి చేరాలి. లేకపోతే బండి మళ్లీ గుమ్మడికాయ అయిపోతుంది, పట్టు గౌను చింకి బట్టలైపోతుంది. ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చేసిన కథ ఇది. మూడు వందల ఏళ్లు దాటినా ఆ షరతు మన ఇళ్లల్లో, లేడీస్ హాస్టళ్లల్లో ఇంకా నడుస్తూనే ఉంది. కాకపోతే మనకు టైము పన్నెండు కాదు, తొమ్మిది!

ఈ షరతును తలకిందులు చేసిన కార్టూన్ ఒకటుంది. పేరు 'స్వింగ్ షిఫ్ట్ సిండ్రెల్లా'. 1945లో వచ్చింది. డైరెక్టర్ టెక్స్ ఏవరీ. మనం చిన్నప్పుడు కళ్లార్పకుండా చూసిన టామ్ అండ్ జెర్రీని తీసిన ఎంజీఎం స్టూడియోనే దీన్నీ తీసింది. అప్పట్లో థియేటర్లో పెద్ద సినిమాకు ముందు ఇలాంటి చిన్న కార్టూన్లు వేసేవాళ్లు. అంతా కలిపి ఎనిమిది నిమిషాల్లోపే. డిస్నీ వాళ్ల పెద్ద సిండ్రెల్లా సినిమా 1950లో వచ్చింది. అంటే అంతకు ఐదేళ్ల ముందే దీనితో వెక్కిరింపు అయిపోయింది.

మొదలే అల్లరి. తోడేలు ఒక చిన్నపిల్లను తరుముతూ వస్తుంది. ఆ పిల్ల రెడ్ రైడింగ్ హుడ్. ఇద్దరూ టైటిల్ చూసి ఆగిపోతారు. అరే, మనం వేరే కథలోకి వచ్చినం! పిల్ల వెళ్లిపోతుంది. తోడేలు మాత్రం తయారై సిండ్రెల్లా ఇంటికి బయల్దేరుతుంది. బుర్రకథలో వంతగాళ్లు కథ మధ్యలో దూరి ఇవాళ్టి ముచ్చట్లు మాట్లాడతారే, అచ్చం అట్లా. కథలో ఉంటూనే కథ మీద జోకులేయడం మనకు కొత్తేం కాదు.

ఈ సిండ్రెల్లా తోడేలును దగ్గరికి రానియ్యదు. దేవత వచ్చి గుమ్మడికాయను కారుగా మార్చేస్తుంది. సిండ్రెల్లా అందులో క్లబ్బుకు పోయి డాన్స్ చేస్తుంది. అది చూసి తోడేలు కళ్లు బయటికొస్తాయి, తనను తానే కొట్టుకుంటుంది, ఊళ వేస్తుంది. ఇంతలో ఆ ముసలి దేవత తోడేలు వెంట పడుతుంది. ముసలామెకు మనసుండటమే నవ్వుల విషయం అన్నట్టు తీసిన ఈ భాగం ఇప్పుడు చూస్తే పాతబడింది. సరే, అది పక్కన పెడదాం.

అసలు దెబ్బ పన్నెండు గంటలకు. సిండ్రెల్లా పరుగెత్తుకుంటూ ఇంటికొస్తుంది. గౌను పోయి పని బట్టలు వస్తాయి. ఎందుకంటే ఆమెకు డ్యూటీ ఉంది! లాక్‌హీడ్ విమానాల ఫ్యాక్టరీకి పోయే బస్సెక్కుతుంది.

మా గోదావరిఖనిలో పుట్టినవాళ్లకు ఈ సీను వేరేగా అర్థమవుతుంది. మా దగ్గర గడియారం కన్నా షిఫ్టే ముందు. ఎవరింట్లో ఎవరు ఎప్పుడు నిద్రపోతారో కాలనీ అంతా తెలుసు. "మీ బాపుది ఈ వారం ఏ షిఫ్టు?" అని అడిగిన తర్వాతే పిల్లలు మా ఇంటి ముందు ఆట మొదలుపెట్టేవాళ్లు. బాపు ముప్పై ఏళ్లు బాయికి పోయిండు. నైట్ షిఫ్టు వారం అమ్మ సద్ది కట్టిచ్చి, తలుపేసి, పొద్దున ఆయన చెప్పుల చప్పుడు వినేదాకా సగం నిద్రే పోయేది. రాత్రి బయటికి పోవుడు బాపు పని, ఇంట్లో మేలుకునుడు అమ్మ పని. ఇద్దరిదీ నైట్ షిఫ్టే, జీతం మాత్రం ఒక్కరికే.

బీటెక్ అయ్యాక నేను హైదరాబాద్ వచ్చాను. రెండో ఉద్యోగంలో అమెరికా క్లయింటు ప్రాజెక్టు వచ్చింది. రాత్రి సపోర్టుకు ఒక లీడ్ కావాలి. ఆ సిస్టమ్ టీంలో నాకే బాగా తెలుసు. మేనేజర్ నవ్వుతూ, "ఆడపిల్లవు, రాత్రిళ్లు నీకెందుకమ్మా, క్యాబులు, గార్డులు, అదంతా తలనొప్పి" అన్నాడు. లీడ్ పోస్టు నా తర్వాత చేరిన అబ్బాయికి పోయింది. దాంతోపాటు హైకు కూడా. నా మంచి కోసమే అన్నట్టు చెప్పాడు కాబట్టి తిట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది.

ఇంటికి ఫోన్ చేస్తే బాపు కూడా అదే మాట. "గంత రాత్రి పనేంది బిడ్డా? పోతే పోనియ్." ముప్పై ఏళ్లు నైట్ షిఫ్టు చేసిన మనిషి!

కోపంతో ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. మేనేజర్ మాట, బాపు మాట వాళ్ల సొంతం కాదని అప్పుడర్థమైంది. మన గనుల చట్టం 1952లో వచ్చింది. అందులో 46వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదని ఉండేది. పైన కూడా సాయంత్రం 7 నుంచి ఉదయం 6 దాకా పని ఉండేది కాదు. అంతకుముందు ఆడవాళ్లు బొగ్గు గనుల్లోకి దిగలేదా అంటే, దిగారు. బెంగాల్, బీహార్ గనుల్లో కుటుంబాలకు కుటుంబాలే దిగేవి. బ్రిటిష్ ప్రభుత్వం 1929 నుంచి మెల్లగా ఆపేసింది. కానీ 1943లో యుద్ధానికి బొగ్గు తక్కువైంది. వెంటనే ఆ నిషేధాన్ని సడలించారు. యుద్ధం అయిపోయింది, 1946లో మళ్లీ నిషేధం.

అమెరికాలోనూ ఇదే వరస. మగవాళ్లు యుద్ధానికి పోతే లక్షలమంది ఆడవాళ్లు విమానాల ఫ్యాక్టరీల్లోకి వచ్చారు. యుద్ధం ముగియగానే చాలామందిని ఇంటికి పంపేశారు. ఈ కార్టూన్ విడుదలైంది సరిగ్గా ఆ ముగింపు రోజుల్లోనే. అవసరం ఉన్నప్పుడు ఆడవాళ్లకు రాత్రి ప్రమాదం కాదు. అవసరం తీరాక మళ్లీ ప్రమాదం!

మన దగ్గర 2019లో కేంద్రం ఈ నిబంధన సడలించింది. ఓపెన్‌కాస్టుతో సహా పైన జరిగే పనులకు రాత్రి కూడా ఆడవాళ్లను పెట్టుకోవచ్చని అప్పుడు చెప్పింది. భూగర్భంలో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ పనులు చేయొచ్చంది. వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలని, షిఫ్టుకు కనీసం ముగ్గురుండాలని షరతు పెట్టింది. 2021లో ఆకాంక్ష కుమారి కోల్ ఇండియాలో భూగర్భ గనిలో పనిచేసే తొలి మహిళా మైనింగ్ ఇంజనీర్ అయింది. ఈ వార్త బాపుకు నేనే చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత, "బాయిల గాలి ఎట్లుంటదో ఆ పిల్లకు ఎరుకైతది ఇగ" అన్నాడు. అది మెచ్చుకోలే.

ఇప్పుడు కార్టూన్ చివరి సీను చెప్తాను. బస్సులో కూర్చున్న సిండ్రెల్లా, హమ్మయ్య, తోడేలు పీడ వదిలింది అనుకుంటుంది. చూస్తే బస్సు నిండా తోడేళ్లే! అన్నీ ఒక్కసారి ఊళ వేస్తాయి. కార్టూన్ అయిపోతుంది. 1945లో థియేటరంతా నవ్వి ఉంటుంది. రాత్రి రెండు గంటలకు క్యాబులో ఒక్కదాన్నే ఫోన్‌లో చూసినప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మన చట్టం, మా మేనేజర్, బాపు ముగ్గురూ చూడనిది ఏవరీ చూశాడు. ఆయన కార్టూన్‌లో ఇబ్బంది పన్నెండు గంటలది కాదు, సిండ్రెల్లా డ్రెస్సుది కాదు, బస్సుది కూడా కాదు. తోడేళ్లది. అయినా మనం వందేళ్లుగా మార్చుతున్నది సిండ్రెల్లా టైమింగ్సే. సాయంత్రం ఏడు అన్నాం, ముగ్గురుంటే సరే అన్నాం, గార్డు ఉంటే సరే అన్నాం. గార్డు వద్దని నేననను. రేపు రాత్రి కూడా నా క్యాబులో గార్డు ఉండాల్సిందే. కానీ ఆ గార్డు ఖర్చును చూపించి నా ప్రమోషన్ ఆపితే, తోడేలు చేసిన పనికి ఫైన్ నేను కట్టినట్టే కదా?

ఆ కంపెనీ మానేశాను. కొత్త చోట రాత్రి షిఫ్టుకు నేనే లీడ్. చేరేముందు ఇంటికి పోయి చెప్పాను, అడగలేదు. అమ్మ ముందు బాపు వైపు చూసింది, తర్వాత నా వైపు. "మీ బాపు పోతే నేను మేలుకున్న. నువ్వు పోతే ఈయనను మేలుకోమను" అన్నది. అప్పటినుంచి నేను క్యాబెక్కగానే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ బాపుకు పోతుంది. తెల్లవారుజామున నేను రూం చేరేసరికి బ్లూ టిక్కులు పడి ఉంటాయి.