సముద్రానికి బస్సు

పుంగనూరు బస్టాండులో పొద్దున ఒక పెద్దామె అడిగింది.
"సముద్రం చూడల్లంటే యా బస్సు ఎక్కల్లమ్మా?"

టమోటా కోతలకు పోయే మనిషి. పుట్టినకాడి నుంచీ చూళ్ళేదంట.

తిరుపతికి, ఆడ్నించి నెల్లూరికి ఎక్స్‌ప్రెస్. మైపాడుకు పల్లెవెలుగు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకు ఈ బస్సుల్లో టికెట్టు డబ్బుల్లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. చిత్రాన్నం కట్టుకుంటే తిండికీ ఖర్చుండదు.

అన్నీ చెప్పినాక ఆమె అంది, "రెండు దినాల కూలి పోతాది గదమ్మా."

ఆ మాట నన్నింకా వదల్లేదు. చార్జీ ఒకటే అడ్డం అనుకుంటాం మనం.

కుప్పమోళ్లకు సముద్రానికి పోను మద్రాసు రైలన్నా ఉంది. పుంగనూరోళ్లకు బస్సే దిక్కు.

ఆమెను తోడుకోని పోవాలనుంది. నెల్లూరులో ఆడోళ్లు చవగ్గా, భద్రంగా ఒక రాత్రి ఉండే చోటు తెలిస్తే చెప్పండి. ఇంకెవరన్నా వస్తారా?