కింది నుంచి వంతు

రోస్టర్ అనే మాట మా ఇంట్ల నాకన్న ముందే పుట్టింది. మా నాయిన సర్కారు దఫ్తర్ల అటెండరు. సాయంత్రం ఇంటికొచ్చి లుంగి కట్టుకొని, యూనియన్ దోస్తులతోని చాయ్ తాగుకుంట మాట్లాడేదంత రోస్టర్ ముచ్చటే. నూరు పాయింట్ల రోస్టర్‌ల 2, 7, 16, 22, 27 ఎస్సీలవి. ఎక్కాల కంటె ముందు నాకు ఈ లెక్క నోటికొచ్చింది. ఏడో పాయింటుల ఎవరిని కూసోబెట్టిన్రు, పదహారును ఖాళీ అని ఎందుకు ముందుకు జరిపిన్రు, బ్యాక్‌లాగ్ ఎన్ని. 1994ల ఈదుమూడిల దండోర మొదలయినంక ఈ ముచ్చట ఇంకింత పెరిగింది. 1997ల ఏబీసీడీలు చేసినప్పుడు మా ఇంట్ల పండుగ. 2004ల సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసిన నాడు నాయిన అన్నం ముట్టలె.

2010ల నేను విమాన కంపెనీల క్యాబిన్ క్రూగ చేరిన. మొదటి నెల ఫోన్ చేసి "నాయినా, నా రోస్టర్ వచ్చింది" అంటె ఆయన "ఎన్నో పాయింటు బిడ్డా?" అన్నడు. ఇది ఆ రోస్టర్ కాదు, నెలల ఏ రోజు ఏ విమానం ఎక్కాలె, ఎన్నడు సెలవు, ఎన్నడు స్టాండ్‌బై అని రాసిచ్చే పట్టీ అని చెప్పిన. కొంచెం సేపు ఊకున్నడు. "మరి అండ్ల మనకెన్ని?" అన్నడు.

మనకెన్ని అనేది ప్రైవేటుల ఉండదు. ఎయిర్ ఇండియా సర్కారుది ఉన్నన్ని రోజులు దాని కొలువులల్ల రిజర్వేషన్ ఉండె. 2022 జనవరి 27న అది టాటాల చేతికి పోయింది. దాంతోని ఆ పాయింట్లు కూడ పోయినయి. నేను చేసే కంపెనీ మొదటి నుంచీ ప్రైవేటే. పేరెందుకు లెండి.

అయితె నాయిన అడిగిన ప్రశ్న పదిహేనేండ్ల తర్వాత వేరే వేషంల నా ముందటికే వచ్చింది. అది చెప్పడానికే ఇది రాస్తున్న.

2025 డిసెంబర్‌ల ఇండిగో విమానాలు వేల సంఖ్యల రద్దయినయి, మీరు చూసే ఉంటరు. పైలట్ల వారపు విశ్రాంతిని డీజీసీఏ 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. అది జులైల అమలయింది. రాత్రిపూట విమానం దింపుడు ఆరు నుంచి రెండుకు తగ్గించింది. అది నవంబర్‌ల. దానికి తగినంత మంది పైలట్లు రోస్టర్‌ల దొరకలె. శంషాబాద్‌ల జనం సూట్‌కేసుల మీద తలపెట్టి పండుకున్నరు. ఆఖరికి ఆ కంపెనీకి ఫిబ్రవరి 10 దాక సడలింపు ఇచ్చిన్రు. రోస్టర్ అంటె ఏందో లోకానికి అప్పుడు తెలిసింది. ఆ నిబంధనలు పైలట్లవి, క్యాబిన్ క్రూవి వేరే. అయినా ఆ గాలి మా దాక తగిలింది. మా కంపెనీ ఒక మెయిల్ పంపింది. ఇకముందు రోస్టర్ మేమే చేసి ఇచ్చుడు కాకుండ, మీ కోరికలు ముందుగ అడిగి కంప్యూటర్‌తోని చేయిస్తె ఎట్లుంటది, అభిప్రాయం చెప్పున్రి అని. దాన్ని ప్రిఫరెన్షియల్ బిడ్డింగ్ అంటరు.

అదెట్ల పనిచేస్తదంటె, కంపెనీ ముందుగాల నెలల నడిపే విమానాలన్నిటిని ముడులు ముడులుగ కడుతది. శంషాబాద్‌ల లేచి ఎక్కడెక్కడో తిరిగి మళ్ల శంషాబాద్‌ల దిగేదాక ఒక ముడి. మనమేమొ వరుస పెట్టి కోరికలు రాయాలె. ఫలానా తారీఖు సెలవు, తెల్లారగట్ల డ్యూటీ వద్దు, ఢిల్లీల రాత్రి మకాం వద్దు, ఫలానా దోస్తుతోని కలిపి వెయ్యాలె, ఇట్ల. కంప్యూటరు ఒకటో నంబరు సీనియర్ దగ్గర మొదలువెడుతది. ఆమె కోరికలు నింపి, మిగిలినయి రెండో నంబరుకు, ఇంకా మిగిలినయి మూడో నంబరుకు. విమానాలన్ని ఎవరో ఒకరు ఎక్కవలసిందే కనుక, అడుగున ఉన్నోళ్లకు కోరిక ఉండదు, మిగిలిందే రోస్టర్. సీనియారిటీ చూడకుండ అందరికి సమంగ పాయింట్లు పంచే పద్ధతులు కూడ ఉన్నయి. పేచీ అంత అక్కడ్నే.

గచ్చిబౌలి ఇందిరానగర్‌ల మేం నలుగురం కలిసి ఉండే ఫ్లాటు. ఔటర్ ఎక్కితె ఎయిర్‌పోర్టు దగ్గర. అందుకే మా క్రూ చానమంది ఈ దిక్కునే ఉంటరు. ఈ ఫ్లాటు దొరికే ముందు మూడు ఇండ్లు చూసినం. ఒక ఇంటామె "మీరేమిటోళ్లమ్మా?" అని నన్ను ఒక్కదాన్నే అడిగింది. మిజోరం పిల్లను అది కూడ అడగలె, మొహం చూసే లేదన్నది. సరె, ఆ ముచ్చట పక్కన పెడుత. మెయిల్ వచ్చినంక ఒక సాయంత్రం డ్యూటీ లేనోళ్లమంత మా హాల్ల చేరినం. పదకొండు మందిమి.

ముందు మాట్లాడింది అందరికన్న సీనియర్, ఢిల్లీ ఆయన. పదిహేడేండ్ల సర్వీసు. "నేను పది దీపావళులు ఆకాశంల చేసిన. ఆ రాత్రుల కూలి ఇప్పుడన్న దొరకాలె గద" అన్నడు. ఆయన మాటను తీసిపారేయలేం. నేనూ అట్ల రాత్రులు గుంజినదాన్నే. సీనియారిటీ అనేది ఊకెనే పుట్టలె. అమెరికాల యూనియన్లు దాన్ని కొట్లాడి తెచ్చుకున్నయి. మేనేజర్‌కు నచ్చినోళ్లకు మంచి డ్యూటీ, నచ్చనోళ్లకు చెడ్డ డ్యూటీ అనేదాన్ని ఆపటానికి అంతకన్న గట్టి తాళం వాళ్లకు దొరకలె. మా దగ్గర ఆ తాళం కూడ లేదు. రోస్టర్ టేబుల్ కాడ కూసున్నాయన దయ. ఆయనకు స్వీట్ డబ్బాలు పోతయి. "ఒకసారి ఫోన్ చెయ్, చూద్దాం" అని ఆడపిల్లలకు చెప్తడు. రాత్రి పదింటికి ఆ ఫోన్ చేసుడు ఎంత బరువో చేసినోళ్లకే ఎరుక. కంప్యూటర్ అయితె ఫోన్ చెయ్యమనదు. నేను బిడ్డింగ్ కావాలనేది మొట్టమొదలు దీనికోసమే.

హనుమకొండ అమ్మాయి చేరి రెండేండ్లే. "నంబరు ప్రకారమైతె నేను సద్దుల బతుకమ్మ చూసేటప్పటికి నా పిల్లలు బతుకమ్మ ఆడుతరు" అన్నది. అందరం నవ్వినం. మిజోరం పిల్ల క్రిస్మస్ అన్నది. పాతబస్తీ పిలగాడు ఇంకో చిక్కు చెప్పిండు. బిడ్ పోయిన నెల మధ్యలనే బంద్ అయితది, రంజాన్‌కు నెలవంక ముందు రాత్రి కనబడుతది. "ఏ తారీఖు రాయమంటరక్కా? చంద్రుణ్ని అడిగి చెప్తనా?" అన్నడు. దీనికి ఎవరి దగ్గర జవాబు లేదు.

నంబరు నంబరు అంటున్నరు. ఆ నంబరు ఎక్కడి నుంచి వచ్చింది? నా సంగతి చెప్త. మా బ్యాచ్ ఇరవై నాలుగు మందిమి ఒకే తారీఖున చేరినం. ఒకే నాడు చేరినోళ్లకు నంబర్లు ట్రైనింగ్ మార్కులతోని ఇచ్చిన్రు. మంటలార్పుడు, తలుపు తెరిచి జనాన్ని జారవిడుసుడు, ప్రథమ చికిత్స, ఈత, అన్నిట్ల నాకు మంచి మార్కులే. ఈత మా ఊరి చెరువుల నేర్చిన. గ్రూమింగు, మాటతీరు అని ఇంకో యాభై మార్కులుండె. అండ్ల నాకు పందొమ్మిది వేసిన్రు. నా రంగుకు సరిపోయే లిప్‌స్టిక్ వాళ్ల పట్టీల లేకుండె. నా ఇంగ్లీషుల మా వాడ వినబడుతుండె. ఇరవై నాలుగు మందిల నేను ఇరవై ఒకటో దాన్నయిన. ఆ మార్కులు వేసినామె ఉద్యోగం మానేసి కూడ చానేండ్లయింది. ఆమె వేసిన పందొమ్మిది మాత్రం నా నంబరుల అట్లనే ఉన్నది. బిడ్డింగ్ వస్తె ప్రతి దసరాకు అది లేచి నిలబడుతది. కంప్యూటర్‌కు కులం తెలువదు అంటరు. నిజమే, దానికి నంబరే తెలుసు.

ఆలస్యంగ రానిచ్చినోళ్లకు వరుసల ఎక్కడ చోటు దొరుకుతది? అమెరికాల రూత్ కెరోల్ టేలర్ అని నల్లజాతి ఆమె 1958ల మొట్టమొదటిసారి విమానంల డ్యూటీ చేసింది. ఆర్నెల్లకే పెళ్లయినోళ్లు పనికిరారన్న షరతుకు కొలువు పోయింది. మార్లన్ గ్రీన్ అనే పైలట్ 1963ల సుప్రీంకోర్టుల గెలిచి, 1965ల గాని కాంటినెంటల్ కంపెనీల చేరలేకపోయిండు. ఆయన రంగు చూసి ఆపిన ఏండ్లల్ల వేరేటోళ్లు చేరి సీనియర్లయిన్రు. మన దేశంల ఎయిర్ హోస్టెస్‌ను మొదటి గర్భానికే ఇంటికి పంపే షరతు 1981ల నర్గేష్ మీర్జా కేసుల సుప్రీంకోర్టు కొట్టేసేదాక ఉండె. చేరిన నాలుగేండ్ల దాక పెళ్లి చేసుకోవద్దన్న షరతును కోర్టు ఉంచింది. సీనియారిటీ అంటె ఎన్నేండ్లు చేసినవు అని మాత్రమే కాదు, ఎన్నేండ్లు చెయ్యనిచ్చిన్రు అని.

ఇదంత హాల్ల చెప్పిన. ఢిల్లీ ఆయన "అయితె నీకేం నష్టం? నీ ముందట నలభై మంది ఉంటరు, వెనుక రెండు వందల మంది" అన్నడు. లెక్క కరెక్టే. ఇప్పుడు సీనియారిటీ పెడితె నాకు లాభమే.

మా చిన్నమ్మ ఆ రోజు మా ఇంట్లనే ఉన్నది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ దగ్గర ఒక పెద్ద బిల్డింగుల హౌస్‌కీపింగ్ చేస్తది. పని దిగి నన్ను చూసిపోదామని వచ్చింది. వాళ్ల డ్యూటీ చార్టు సెల్లార్ల గోడకు ఉంటది. సూపర్‌వైజర్ పెన్సిల్‌తోని రాస్తడు. పొద్దుగాల ఒక తీరు, మాపటికి ఒక తీరు. మా పంచాయితి అంత విని, "మీకు ఏం కావాలని అడిగే కాయితమన్న వస్తున్నది బిడ్డా. మాకు రబ్బరే" అన్నది.

మా ఇండ్లల్ల వంతు అనే మాటకు రెండు తీర్ల అర్థం. అమ్మమ్మ దిక్కు వంతు అంటె వెట్టి వంతు. ఈ వారం ఏ ఇంటోళ్లు పటేలు కొట్టం ఊడవాలె, దొర బండి దిగితె మూటలు ఎవరు మోయాలె. వంతు ఉన్నది గాని, వద్దనేదానికి లేకుండె. నాయిన దిక్కు తాత నీరడి. షాద్‌నగర్ దిక్కు మా ఊరు. చెరువు తూము తీసుడు, మూసుడు, కాలువెంట తిరిగి మడి మడికి నీళ్లు మలుపుడు ఆయన పని. కల్లంల పెట్టిన గింజలే ఆయన జీతం, గుంట భూమి లేదు. చెరువు నిండని ఏడు కాలువ మొదట్ల ఉన్నోళ్ల పొలం పారంగనే నీళ్లు అయిపోయేవట. కాలువ చివరోళ్లు కట్టెలు పట్టుకొని వచ్చిన్రట. అప్పటి నుంచి పెద్దమనుషులు ఒక ఏడు మొదటి నుంచి, ఒక ఏడు చివరి నుంచి వంతు పెట్టిన్రు. తాత చీకట్ల ఒక్కడే కట్ట మీద ఉండి ఆ వంతు తప్పనీయకుండ కాపలా కాసిండు. నాయిన ఇది ఎన్నోసార్లు చెప్పిండు.

నేను అదే అన్న. మామూలు రోజులకు సీనియారిటీయే ఉండనీయున్రి. పండుగ రోజులు పది పన్నెండు వేరే తీసి, వాటికి ఒక ఏడు ఒకటో నంబరు నుంచి, ఇంకో ఏడు చివరి నంబరు నుంచి బిడ్ నడపాలె.

అయితె ఆ పది పన్నెండు రోజులు ఏవి? తలా ఒక రోజు చెప్పమన్నరు. దసరా, దీపావళి, ఓనం, క్రిస్మస్, రంజాన్. నా వంతు వచ్చింది. ఏప్రిల్ 14 అన్న. కేరళ పిల్ల సంబరపడి, "అక్కా, నువ్వు కూడ విషు చేస్తవా?" అన్నది.

"కాదు. అంబేద్కర్ జయంతి."

హాల్ల సప్పుడు ఆగింది. ఒకరు ఫోన్ తీసి చూసుకున్నరు. ఈ ఇందిరానగర్‌కు సెంట్రల్ యూనివర్సిటీ గేటు ఎంత దూరం? 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయినంక ఆ గేటు కాడ జనం కూసున్న రోజులల్ల మా క్రూ క్యాబ్ ఆ రోడ్డు మీదనే పోయేది. లోపల ఒక్కరన్న ఆ పేరు ఎత్తలె. "ట్రాఫిక్" అన్నరు, అంతే. కోరికల పట్టీ అంటె అందరికి సెలవు చీటీ లెక్క కనబడుతది. నాకు అది కులం సర్టిఫికెట్ కూడ. మొదటి గడిల ఏ తారీఖు రాస్తనో దాంతోనే నేనెవరో తెలుస్తది. 2025ల అదే ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల వర్గీకరణ చట్టం అమలుకొచ్చింది. మాదిగలు రెండో గ్రూపుల, 9 శాతం. రిటైరయిన మా నాయిన ఆ కాయితం ముందటేసుకొని కొత్త పాయింట్లు వేలుతోని లెక్కపెట్టుకున్నడు. ఆ రోజు నేను ఇంటి దగ్గర లేను. స్టాండ్‌బై.

హనుమకొండ అమ్మాయి పెన్ను తీసుకొని దీపావళి కింద "ఏప్రిల్ 14" అని రాసింది. ఇంకేం మాట్లాడలె.

కాయితం తయారయింది. పండుగలకు కింది నుంచి వంతు. రంజాన్‌కు నెలవంక కనబడేదాక డ్యూటీ మార్చుకునే వీలు. కంప్యూటర్ ఇచ్చిన రోస్టర్‌ను మనిషి మారిస్తె ఎవరు మార్చిన్రు, ఎందుకు మార్చిన్రు అని అందరికి కనబడాలె. రోస్టర్ టేబుల్ కాడి ఆయనకు నచ్చంది ఈ మూడోదే అని తర్వాత తెలిసింది. ముప్పై ఎనిమిది మంది సంతకం పెట్టిన్రు. ఇద్దరు తెల్లారి ఫోన్ చేసి తీసేయమన్నరు. ఢిల్లీ ఆయన సంతకం పెట్టలె, కాని కూసొని ఇంగ్లీషు తప్పులు దిద్దిండు.

పరిశీలిస్తున్నమని జవాబొచ్చింది. ఏప్రిల్ రోస్టర్ పాత పద్ధతిలనే వచ్చింది. పద్నాలుగున నాకు గువాహటి, రాత్రి అక్కడ్నే మకాం. నాయినకు ఫోన్ చేసి చెప్పిన.

"అక్కడ కూడ విగ్రహం ఉంటది బిడ్డా, అడుగు" అన్నడు.